ఇంటి బీరు పక్కన కంపెనీ బీరు

ఇంట్లో కాచిన బీరు ఎలా ఉందో తేలాలంటే అదే రకం కంపెనీ బీరు పక్కన పెట్టి రుచి చూడాలి. ఇంటి సీసాను ముందురోజే ఫ్రిజ్‌లో నిలువుగా పెట్టండి, బీరును పులియబెట్టే ఈస్ట్ అడుక్కి దిగుతుంది. వంచేటప్పుడు చివరి సెంటీమీటరు సీసాలోనే వదిలేయండి. మనిషికి 60 మి.లీ. చాలు. తేలికవి ముందు, ఘాటువి చివర. స్టౌట్ (నల్లటి బీరు) మాత్రం 10–12 డిగ్రీల దగ్గర ఉండాలి; మరీ చల్లగా ఉంటే వాసనే తెలియదు.

గ్లాసు కాస్త తిప్పి వెంటనే వాసన పట్టండి. వెన్న వాసన వస్తే అది డయాసిటైల్, పులిసేటప్పుడు తయారయ్యే పదార్థం. చాలాసార్లు ఈస్ట్ పని పూర్తికాకముందే చల్లబరచడం వల్ల మిగిలిపోతుంది. లాగర్‌ (చల్లగా పులియబెట్టే బీరు) పులియడం ముగింపుకొచ్చాక 18 డిగ్రీలకు పెంచి రెండు మూడు రోజులుంచితే ఈస్టే దాన్ని తినేస్తుంది. తడి అట్టపెట్టె వాసనైతే సీసాల్లోకి నింపేటప్పుడు గాలి తగిలినట్టే, ఇక దాన్ని బాగుచేయలేం. పాతబడిన కంపెనీ సీసాల్లోనూ ఇదే వాసన దొరుకుతుంది.