వీధికి మార్కులు వేయాలంటే దాంట్లో అధ్వానమైన పది అడుగులు చూడండి

విజయవాడలో మా సత్యనారాయణపురం వచ్చిన చుట్టాలెవరైనా "మీ రోడ్డు బాగుందే" అన్నారంటే బండి మీద కుదుపుల్లేకుండా వచ్చారని అర్థం. నడిచి వచ్చినవాళ్లు ఆ మాట అనరు. సందులో కొత్తగా సిమెంటు రోడ్డు పడితే అందరికీ సంతోషమే, వానాకాలం బురద తప్పుతుందని నాకూ సంతోషమే, కానీ గుంతలు పూడిన మర్నాటి నుంచే అప్పటిదాకా ఇరవైలో పోయే బైకులు యాభైలో దూసుకుపోతాయి. స్పీడు రెట్టింపైతే గుద్దే బలం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది, స్కూల్లో చదువుకున్న లెక్కే ఇది. జనం, బండ్లు కలిసి తిరిగే చోట గంటకి 30 కిలోమీటర్లు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా ఇందుకే. మన సందుల్లో ఆ బోర్డులు కనపడవు. ఎవరింటి ముందు వాళ్లు పోయించుకున్న స్పీడ్ బ్రేకర్లు మాత్రం ఉంటాయి, రంగూ గింగూ లేకుండా.

సరే, ఒక వీధి నడవడానికి పనికొస్తుందా లేదా అని ఎలా చూడాలి? ఫుట్‌పాత్ ఉందా అని అడుగుతారు చాలామంది. నాకది చాలదనిపిస్తుంది. కిలోమీటరు పొడుగునా చక్కటి ఫుట్‌పాత్ ఉండి, మధ్యలో ఒక్కచోట ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ అడ్డొచ్చిందనుకోండి, ఆ పది అడుగుల కోసం కిందకి దిగాలి, అదీ వెనక నుంచి వచ్చే సర్వీస్ ఆటోకి వీపు అప్పగించి. ఇలా రెండు మూడు చోట్ల దిగాల్సొచ్చిన మనిషి ఇక మళ్లీ ఎక్కడు, మొత్తం రోడ్డు మీదే నడుస్తాడు. అప్పుడు మనమే "ఫుట్‌పాత్ ఉన్నా వాడుకోరండీ మనవాళ్లు" అంటాం. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మలాంటి వాళ్లు ఆ దిగడం ఎక్కడం తలుచుకుని అసలు గడపే దాటరు. అందుకే దారి మొత్తంలో ఎక్కడ అన్నిటికంటే అధ్వానంగా ఉందో, ఆ ముక్కకి ఎన్ని మార్కులొస్తే వీధి మొత్తానికీ అన్నే వేస్తాను.

కొలతలు లేవా అంటే ఉన్నాయి. రోడ్లకి ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లో ఇచ్చిన 103వ నంబరు మార్గదర్శకాల్లో, అడ్డేమీ లేకుండా నడిచే వెడల్పు కనీసం 1.8 మీటర్లు, తల పైన 2.2 మీటర్ల ఖాళీ ఉండాలనీ, గట్టు ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే అరడుగు మించకూడదనీ ఉంది. టేపు పట్టుకుని బందరు రోడ్డు మీదకి వెళ్లి చూడండి. కొన్నిచోట్ల వెడల్పు సరిపోతుంది గానీ గట్టెక్కాలంటే పక్కనున్న స్తంభం పట్టుకోవాలి.

మా సందుల్లో అసలు ఫుట్‌పాతే లేదు, మురుగుకాలువ మీద పలకలే మా ఫుట్‌పాత్. వాటిని మింగేసేవి ఇంటి ముందు ర్యాంపులు. మా ఎదురింటి బాబాయిగారిని ఒకసారి అడిగితే, "ఏం చేయమంటావమ్మా, రోడ్డు వేసినప్పుడల్లా ఎత్తు పెరుగుతోంది, ఇల్లు పల్లమైపోయి వాన నీళ్లు హాల్లోకొస్తున్నాయి, అందుకే ఎత్తు చేయించుకున్నాం" అన్నారు. అబద్ధమేం కాదు. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త పొర పోయడం, దానికి భయపడి కొత్త ఇళ్లవాళ్లు పునాది ఇంకా ఎత్తు లేపడం, ఆ ఎత్తుకి కారెక్కాలని ర్యాంపు రోడ్డు మీదకి జరగడం, ఇదంతా గొలుసులాగా నడుస్తోంది. ఆ ర్యాంపుల మధ్య మిగిలిన కాస్త జాగాలో కారు పెడతారు. ఇక నడిచేవాడు రోడ్డు నడిమధ్యకి రాక ఏం చేస్తాడు?

దీనికి రోడ్డు పక్కన అమ్ముకునే తోపుడు బళ్లవాళ్లని తిట్టడం నాకు నచ్చదు. టిఫిన్ బండి పదింటికల్లా వెళ్లిపోతుంది, కారు వారమంతా అక్కడే ఉంటుంది. పైగా రాత్రి ఎనిమిది దాటాక ఆడపిల్ల ఒంటరిగా నడిచి రావాలంటే దీపమున్న ఖాళీ సందు కంటే ఇస్త్రీ బండి, బజ్జీల బండి ఉన్న సందే నయం. వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టమే వచ్చింది, వాళ్లకి చోటు చూపించమని. ఫుట్‌పాత్ మీద బండ్లు ఆపొద్దని 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉంది. మొదటిది చెప్పుకునేవాళ్లు తక్కువ, రెండోది పాటించేవాళ్లు ఇంకా తక్కువ.

ఇంకో పరీక్ష రోడ్డు దాటడం. మామూలుగా మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని లెక్క వేసి సిగ్నల్ టైము పెడతారు. 24 మీటర్ల రోడ్డుకి 20 సెకన్లు. పెద్దవాళ్లు సెకనుకి 0.8 మీటరు నడిచారంటే 30 సెకన్లు కావాలి, ఆ పది సెకన్లూ వాళ్లు బండ్ల మధ్యలో ఉంటారు. ఏలూరు రోడ్డు మీద సాయంత్రం ఆరింటప్పుడు జీబ్రా గీతల దగ్గర కాసేపు నిలబడితే, దాటేవాళ్లు చెయ్యి ఎత్తి ఆటోలని ఆపుకుంటూ ఎలా వెళ్తున్నారో తెలుస్తుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోతే, అందులో 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్లే. 2025 మేలో సుప్రీంకోర్టు ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంలో జీవించే హక్కు గురించి చెప్పే 21వ అధికరణం కిందికే వస్తుందని చెప్పింది, వికలాంగులకి కూడా వీలుగా ఉండాలని.

నీడ సంగతి ఏ కొలతల్లోనూ గట్టిగా చెప్పరు గానీ విజయవాడలో రోహిణి కార్తెలో మిట్టమధ్యాహ్నం చెట్టు లేని వీధి మార్కులకే అర్హం కాదు. వాకింగ్ కోసం స్కూటర్ మీద స్టేడియం దాకా వెళ్లొచ్చే ఊరు మనది, అంతకంటే చెప్పేదేముంది.

మా వీధి వరకు నా లిస్టు చిన్నదే, వార్డు సచివాలయంలో ఇచ్చిన కాగితంలో కూడా ఇవే రాశాను. స్కూలు మలుపు దగ్గర విరిగిన రెండు కాలువ పలకలు మార్చాలి. ఆ మలుపులో కార్లు ఆపకుండా అడ్డు కడ్డీలు పాతాలి, ఎందుకంటే అక్కడ కారు ఉంటే పిల్లాడు బండికి కనపడడు, బండి పిల్లాడికి కనపడదు. గుడి సందులో వెలగని లైటు వేయాలి. రంగులేయడం, బెంచీలు పెట్టడం తర్వాత చూసుకోవచ్చు, స్కూళ్లు తెరిచేలోపు పలకలు పడితే చాలు.