పెద్దల గోడు తీర్మానం పుస్తకంలోకి ఎక్కాలంటే

సోమవారం కలెక్టరేట్లో అర్జీల వరుస చూడండి, నెరిసిన తలలకు కొదవుండదు. ఒకరికి పింఛను ఆగింది, ఒకరికి వేలిముద్ర పడట్లేదు, ఇంకొకరిని కొడుకు చూడట్లేదు. ఎవరి కాగితం వారిది. దానికో నంబరు పడుతుంది, కొన్నాళ్లకు ‘పరిష్కరించాం’ అని మెసేజ్ వస్తుంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా వంద కిలోమీటర్లు దాటి వచ్చినా అంతే. వంద మంది ఒకే బాధ చెప్పుకున్నా అవి వంద విడి అర్జీలే. నియమం మార్చమని ఎవరూ అడిగినట్టు కాదు.

అలా అడగడానికి దగ్గరి దారి గ్రామసభ. ఓటరు జాబితాలో పేరున్న ప్రతివారూ అందులో సభ్యులే. కుర్రకారు హైదరాబాదుకో చెన్నైకో వలసపోయిన మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ఊళ్లలో సభకు రాగలిగేది పెద్దలే. మందబలం ఉంది, కాగితబలం లేదు. గట్టిగా మాట్లాడి ఇంటికి పోతారు, సభ తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంలో ఆ మాటే ఉండదు. సంతకాలు ముందు, రాత తర్వాత అయితే ఇక చెప్పేదేముంది!

అందుకే అడగదలచింది ఇంటి దగ్గరే మూడు వరుసల్లో రాసుకెళ్లాలి. పంచాయతీ కార్యదర్శి దాన్ని పుస్తకంలోకి ఎక్కించి పైకి చదివాకే సంతకమైనా, వేలిముద్రైనా. తీర్మానం నంబరు, తేదీ ఉన్న పేజీకి అక్కడే ఫోన్లో ఫొటో తీయించాలి. తర్వాత నకలు ఇవ్వకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. గడువు 30 రోజులు.

అదను కూడా చూసుకోవాలి. పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక కసరత్తు అక్టోబరు 2 నుంచి మొదలవుతుంది. ప్రణాళిక, పంచాయతీల ప్రణాళికలు నమోదయ్యే కేంద్ర వెబ్‌సైట్ ఈ-గ్రామస్వరాజ్‌లోకి ఎక్కిపోయాక అడిగితే మళ్లీ ఏడాదే. ఏ పద్దులో అడుగుతున్నామో కూడా తెలియాలి. 2021–26కు 15వ ఆర్థిక సంఘం పంచాయతీ నిధుల్లో 60 శాతాన్ని తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసింది. మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీ అందులో ఇమిడిపోతుంది. గ్రామ సచివాలయం మెట్ల పక్కన ర్యాంపు అలా కట్టేయని మిగతా నిధుల్లోంచి అడగాలి. పద్దు తప్పితే ‘నిధులు లేవు’ అన్న జవాబు ఖాయం.

జిల్లాస్థాయి కోరికలకు ఆధారం 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టం. ఇందులో ఒక మెలిక ఉంది. జిల్లాకు కనీసం 150 మందికి సరిపడే వృద్ధాశ్రమం గురించి చెప్పే 19వ సెక్షన్ ప్రభుత్వం ‘ఏర్పాటు చేయవచ్చు’ అంటుంది. ఆసుపత్రిలో వృద్ధులకు వేరే క్యూ, జిల్లా ఆసుపత్రిలో వృద్ధుల వైద్యానికి ప్రత్యేక ఏర్పాటు గురించిన 20వ సెక్షన్ మాత్రం ‘చేయాలి’ అంటుంది. నా లెక్కన ముందు పట్టుకోవాల్సింది 20నే. దాటవేయడానికి అందులో సందు తక్కువ.

పింఛను మొత్తం పంచాయతీ చేతిలో లేదు. ఎన్టీఆర్ భరోసా కింద 2024లో నెలకు 4,000 చేసింది రాష్ట్రం. కేంద్ర వృద్ధాప్య పింఛను పథకం వాటా 80 ఏళ్లలోపు వారికి 200, ఆపైన వారికి 500. ఏళ్ల తరబడి అక్కడే ఉంది. దీనికి ఎమ్మెల్యేను నిలదీసి లాభం లేదు, అడగాల్సింది ఎంపీని. పది ఊళ్లు ఒకే వాక్యంతో తీర్మానాలు చేసి, వాటి నకళ్లు ఎంపీకి రాసే ఉత్తరానికి జతచేయాలి. అదే కట్ట ఎంపీటీసీ ద్వారా మండల సర్వసభ్య సమావేశానికి, జడ్పీటీసీ ద్వారా జిల్లా పరిషత్తుకూ వెళ్లాలి.