అయిదో అక్షరం

పదకొండున్నర అయింది. నాన్న పడుకున్నారు. నాకు మాత్రం "చెల్లని వివరాలు" అన్న ఆ ఎర్రక్షరాలు ఇంకా కళ్ల ముందే ఉన్నాయి.

అక్కకి పంపాల్సిన డబ్బు సంగతే. నాన్న తన పెన్షన్ ఖాతా ఉన్న బ్యాంకు సైటులో తనే కూర్చుని అక్కని బెనిఫిషియరీగా, అంటే డబ్బు అందుకునే మనిషిగా, చేర్చారు. పేరు, ఖాతా నంబరు, మళ్లీ ఖాతా నంబరు, ఐఎఫ్‌ఎస్‌సీ కోడు: నాలుగు గళ్లు. సబ్మిట్ నొక్కగానే "చెల్లని వివరాలు". ఏ గడిలో తప్పుందో చెప్పదు. పైగా ఖాతా నంబరు గళ్లు రెండూ తుడిచేస్తుంది. పేస్ట్ చెయ్యనివ్వదు కాబట్టి అంకెలన్నీ మొదటినుంచీ కొట్టాలి. ఒక్కో అంకే పైకి చదువుకుంటూ నాన్న మూడుసార్లు కొట్టారు. మూడుసార్లూ నంబరు సరిగ్గానే ఉంది. తప్పు కోడులో ఉంది.

ఐఎఫ్‌ఎస్‌సీకి 11 అక్షరాలు. మొదటి నాలుగు బ్యాంకుని చెబుతాయి, చివరి ఆరు బ్రాంచిని. మధ్యలో అయిదోది ఏ బ్యాంకుకైనా సున్నాయే. అక్క పంపిన మెసేజిలో ఆ సున్నా చోట ఇంగ్లీషు ఓ పడింది. నాలుగు అక్షరాలు కొట్టిన చెయ్యి అయిదోది కూడా అక్షరమే కొట్టేస్తుంది, చూడ్డానికి రెండూ ఒక్కలాగే ఉంటాయి. అక్కడ సున్నా తప్ప ఇంకేదీ రాదని సైటు రాసినవాళ్లకి తెలుసు కదా! ఓ పడితే తనే సున్నా చేసుకోవచ్చు. అదీ వద్దనుకుంటే "అయిదో అక్షరం చూడండి" అని ఒక్క మాట అనొచ్చు. డెబ్బై దాటిన మనిషి తన కళ్లనే అనుమానించుకునేలా చెయ్యడం ఎందుకు?

నా జీతం ఖాతా సైటులో ఈ బాధ లేదు. కోడు పూర్తికాగానే కిందే బ్రాంచి పేరు, ఊరు కనిపిస్తాయి. కనిపించలేదంటే కోడు తప్పని సబ్మిట్ దాకా పోకుండానే తెలిసిపోతుంది. నా ఫిక్స్‌డ్ డిపాజిట్లు (ఎఫ్‌డీలు) ఉన్న బ్యాంకుది మూడో దారి. కోడు కొట్టనివ్వదు, బ్యాంకు, రాష్ట్రం, ఊరు, బ్రాంచి అని వరసగా నాలుగు జాబితాల్లోంచి ఎంచుకోమంటుంది. తప్పు కోడు పడే అవకాశమే లేదు గానీ పెద్ద ఊళ్లలో బ్రాంచి పేర్లన్నీ పొడి అక్షరాలు. చిరునామా చూపించకుండా అందులో ఏది మనదో ఎలా తెలుస్తుంది?

కోడు అనగానే 2020 గుర్తొచ్చింది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు వెళ్లి యూనియన్ బ్యాంకులో కలిశాయి. అంతకు మూడేళ్ల ముందు, 2017 ఏప్రిల్ 1న, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ స్టేట్ బ్యాంకులో కలిసింది. మన దగ్గర ఆంధ్రా బ్యాంకుదో, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్‌దో ఒక పాస్‌బుక్కైనా లేని ఇల్లు తక్కువ. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు పేరు బోర్డుల మీంచి పోయిందని బాధపడ్డవాళ్లు చాలామందే. బోర్డు మారిన సంగతి కళ్లకి కనబడుతుంది. కోడు మారిన సంగతి అలా కనబడదు. ఏ ఎన్ డీ బీ అని మొదలయ్యేవన్నీ యూ బీ ఐ ఎన్ అయ్యాయి. కొంతకాలం పాత కోడూ నడిచింది, తర్వాత ఆగింది. పాత చెక్కుబుక్కు మీద, పాత పాస్‌బుక్కు మొదటి పేజీలో, ఎప్పుడో దాచుకున్న మెసేజిలో పాత కోడే ఉంటుంది. ఇతర బ్యాంకుల సైట్లలో మనం చేర్చి పెట్టుకున్న బెనిఫిషియరీల్లో కూడా అదే. చాలా సైట్లు చేర్చిన బెనిఫిషియరీ కోడుని దిద్దనివ్వవు, మారుపేరు వరకే మార్చనిస్తాయి. కాబట్టి తీసేసి కొత్తగా చేర్చాలి. కొత్తగా చేరిస్తే ఆగాల్సిన గంటలు మళ్లీ మొదలు. ఇప్పటికీ ఎవరైనా "ఖాతా నంబరు సరైనదే, అయినా తీసుకోవట్లేదు" అంటే నేను మొదట అడిగేది ఆ కోడు ఎక్కడినుంచి చూసి కొట్టారనే.

ఆగాల్సిన గంటలంటే, బెనిఫిషియరీని చేర్చాక డబ్బు పంపనిచ్చే దాకా ఉండే వ్యవధి. ఒకచోట అరగంట, ఒకచోట నాలుగు గంటలు, ఒకచోట రోజంతా. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు దీన్నే అన్నిటికన్నా పెద్ద తప్పుగా రాద్దామనుకున్నాను. ఈ మూడు సైట్లలో జీతం ఖాతా సైటుకి మొదటి స్థానం, పెన్షన్ సైటుకి చివరి స్థానం అని మనసులో ఎప్పుడో వేసేసుకున్నాను కూడా. రాస్తూ రాస్తూ ఆలోచిస్తే అది అంత తేలిగ్గా తేలే లెక్కలా లేదు.

మన ఖాతాలోకి దొంగ చొరబడ్డాడనుకుందాం. వాడు చేసే మొదటి పని తన ఖాతాని బెనిఫిషియరీగా చేర్చుకోవడం. ఆ క్షణంలోనే మన ఫోనుకి మెసేజి వస్తుంది. అది చూసి బ్యాంకుకి ఫోను చేసి ఖాతా ఆపించడానికి ఉన్న సమయమంతా ఆ ఆగే గంటలే. కనక ఆగమనడం తప్పు కాదు. ఎంతసేపో చెప్పకపోవడం తప్పు. "రేపు ఉదయం 10.40 తర్వాత పంపవచ్చు, అప్పటిదాకా ఇంత మొత్తమే" అని రాస్తే ఎవరికి కోపం? పెన్షన్ సైటు ఆ మాట సరిగ్గా రాసింది, కోపంలో నేనే పట్టించుకోలేదు. జీతం ఖాతా సైటులో "పెండింగ్" అని మాత్రం ఉంటుంది. అది ఎంతవరకు పెండింగో మెనూలన్నీ వెతికినా దొరకదు.

ఇంకొకటి. ఒక బ్యాంకు నుంచి ఇంకో బ్యాంకుకి డబ్బు పంపే దారుల్లో ఒకటి ఎన్‌ఈఎఫ్‌టీ. ఎన్‌ఈఎఫ్‌టీలో డబ్బు జమ చేసేది ఖాతా నంబరు చూసే, పేరు చూసి కాదు. రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పిన పద్ధతి అది. ఒక్క అంకె తారుమారై అవతల నిజంగానే ఆ నంబరుతో ఖాతా ఉంటే, పేరు కలవకపోయినా డబ్బు వాళ్ల ఖాతాలో పడిపోతుంది. అందుకే ఎన్‌ఈఎఫ్‌టీకి, పెద్ద మొత్తాలు పంపే ఆర్‌టీజీఎస్‌కి ఖాతాదారు పేరు ముందే చూపించే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 నాటికి తెమ్మని బ్యాంకులన్నిటికీ రిజర్వు బ్యాంకు చెప్పింది. పెన్షన్ సైటు ఆ పేరుని పెద్దక్షరాల్లో విడి పేజీలో చూపించి, టిక్కు పెడితేగానీ ముందుకి పోనివ్వదు. నేను దాన్ని అదనపు మెట్టు కింద లెక్కేశాను. జీతం ఖాతా సైటు అదే పేరుని ఓటీపీ గడి పక్కన లేత బూడిద రంగులో చూపిస్తుంది. ఓటీపీ గడువు నడుస్తుంటే ఎవరి చూపు దాని మీద ఉంటుంది? ఆ మెట్టు విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

అంటే పెన్షన్ సైటు మంచిదనా? లేదు. వెనక్కి బటను సంగతి ఉందిగా. బ్రౌజరులో వెనక్కి వెళ్తే "మీ సెషన్ ముగిసింది" అని బయటికి తోసేస్తుంది. ప్రతి పేజీకీ సర్వరు ఒక్కసారి వాడే గుర్తు ఇస్తుంది, వెనక్కి వెళ్తే వాడేసిన గుర్తుతో పాత పేజీ మళ్లీ వెళ్తుంది, ఒకే చెల్లింపు రెండుసార్లు వచ్చిందేమోనని సర్వరు తలుపు మూసేస్తుంది. కారణం సబబే. కానీ పేజీలోనే "సవరించు" అని ఒక బటను పెడితే మనం బ్రౌజరు బటను జోలికి ఎందుకు పోతాం? ఎఫ్‌డీల బ్యాంకు పెట్టింది, హాయిగా పనిచేస్తుంది. పాస్‌వర్డు మూడు నెలలకోసారి మార్పించడం, పాస్‌వర్డు గడిలో పేస్ట్ ఆపడం కూడా భద్రత కోసమే అంటారు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే ఆ రెండూ వద్దని రాసింది. ఊరికే గడువు పెట్టి మార్పిస్తే జనం చివర ఒక అంకె మారుస్తారు, లేదా కాగితం మీద రాసి పెట్టుకుంటారు. నాన్న డైరీ చివరి పేజీ చూసినవాళ్లకి నేను వేరే చెప్పక్కర్లేదు.

"సక్సెస్" అన్న మాటనీ నమ్మడం మానేశాను. ఎన్‌ఈఎఫ్‌టీలో దానర్థం మన బ్యాంకు తీసుకుందని మాత్రమే. డబ్బు అరగంటకో విడత చొప్పున, రోజుకి 48 విడతల్లో కదులుతుంది. అవతల ఖాతా లేకపోతే ఆ విడత ముగిసిన రెండు గంటల్లోపు తిప్పి పంపాలి. తిరిగొచ్చింది స్టేట్‌మెంటులో కొత్త జమగా కనబడుతుంది, మొదటి వరసలో మాత్రం "సక్సెస్" అలాగే ఉండిపోతుంది. అందుకని ఆ చెల్లింపుని గుర్తుపట్టే 16 అక్షరాల యూటీఆర్ నంబరు రాసిపెట్టుకోవాలి. జీతం ఖాతా సైటులో అది రసీదులోనే ఉంటుంది. పెన్షన్ సైటులో స్టేట్‌మెంటు వివరణ మధ్యలోంచి ఏరుకోవాలి.

స్టేట్‌మెంట్ల విషయంలో మాత్రం ఎఫ్‌డీల బ్యాంకుకి దండం పెట్టాలి. సీఎస్‌వీ (కామాలతో విడదీసిన వట్టి టెక్స్ట్ ఫైలు) అడిగితే నిజంగా సీఎస్‌వీయే ఇస్తుంది. మిగతా రెండూ ఇచ్చే "ఎక్సెల్" ఫైలు లోపల వట్టి వెబ్ పేజీ, తెరవగానే ఎక్సెల్ హెచ్చరిస్తుంది. సీఎస్‌వీ తెరిచేటప్పుడూ ఒక జాగ్రత్త ఉంది. నేరుగా తెరిస్తే ఖాతా నంబరు ముందున్న సున్నాలు పోతాయి. ఎక్సెల్ 15 అంకెలవరకే గుర్తుంచుకుంటుంది కాబట్టి 16 అంకెల నంబరులో చివరిది సున్నా అయిపోతుంది. డేటా మెనూలోంచి దిగుమతి చేసుకుని ఆ నిలువు వరసని టెక్స్ట్ అని చెప్పాలి. ఈ నెల లెక్కలన్నీ ఇవాళ పది నిమిషాల్లో తేలాయి. రాయాల్సిన మంచి సంగతి అదే, ఇంత చివరికి వచ్చింది.

అక్క పేరు పెన్షన్ సైటులో ఇంటిపేరుతో సహా సరిగ్గా వచ్చింది. రేపు 10.40కి గడువు తీరుతుంది. ముందు ఒక్క రూపాయి పంపమని నాన్నకి చెప్పాను. అది అక్క ఖాతాలో పడిందని తను ఫోను చేశాక మిగతాది.