కుక్కతో కాన్వాసింగ్: సైడ్‌వాక్ దాకా సరే, పోర్చ్ ఎక్కించొద్దు

కాన్వాసింగ్‌కి మా కుక్కని తీసుకురావచ్చా అని అడిగే వాలంటీర్లకి మేం చెప్పేది ఒకటే: వీధిలోకి తీసుకురండి, గుమ్మం ముందుకి మాత్రం వద్దు.

అమెరికాలో ఎన్నికల ముందు ఇల్లిల్లూ తిరిగే పనికి మనవాళ్లు బాగానే వస్తున్నారు. వర్జీనియాలో లౌడన్ కౌంటీ, టెక్సస్‌లో ఫ్రిస్కో, న్యూజెర్సీలో ఎడిసన్ లాంటి చోట్ల వాక్ లిస్ట్ (తలుపు కొట్టాల్సిన ఓటర్ల జాబితా) తెరిస్తే రెడ్లూ రావులూ పక్కపక్కనే తగులుతారు. అభ్యర్థుల్లోనూ మన ఊళ్ల వాళ్లున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023లో మేరీల్యాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. అక్కడే పుట్టిన గజాలా హష్మీ 2025 నవంబరులో వర్జీనియాలో అదే పదవికి గెలిచారు. వర్జీనియాలో ప్రతి నవంబరుకీ ఏదో ఒక ఎన్నిక తప్పదు. శని, ఆదివారాల్లో రెండు మూడు గంటలు ఎలాగూ నడుస్తున్నాం, కుక్కకీ నడక అయిపోతుంది కదా అనిపిస్తుంది. ఆ లెక్క సగమే నిజం.

గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో చూడండి. మీరు బెల్ కొడతారు. లోపల ఇంకో కుక్క ఉంటే, బెల్ మోగగానే తలుపు దగ్గరికి ఉరికి మొరుగుతుంది. అది దాని ఇల్లు, కాపలా దాని పని. ఇంటావిడ ఒక చేత్తో దాని కాలర్ పట్టుకుని ఇంకో చేత్తో తలుపు తీస్తుంది. ఆ సందులోంచి కుక్క బయటికి దూకుతుంది. ఒక్క మనిషే ఉంటే అది చాలాసార్లు మొరిగి ఊరుకుంటుంది. ఎదురుగా ఇంకో కుక్క, అదీ లీష్‌తో కట్టేసి వెనక్కి జరిగే దారి లేని కుక్క ఉంటే, మూడు సెకన్లలో కొట్లాట మొదలవుతుంది. లీష్ బిగిసేకొద్దీ మీ కుక్క బెదురు పెరుగుతుంది. పోర్చ్ మీద చోటు ఉండదు, వెనక మెట్లు. ఉత్తరాలు పంచే పోస్టల్ ఉద్యోగుల మీదే అమెరికాలో ఏటా 5,000కి పైగా కుక్కల దాడులు జరుగుతున్నాయి. వాళ్లు రోజూ అదే వీధిలో తిరిగేవాళ్లు, వాళ్ల వెంట కుక్కా ఉండదు.

కాబట్టి కుక్క ఉన్న జట్టులో ఎప్పుడూ ఇద్దరుండాలి. ఒకరు తలుపు కొట్టే మనిషి, ఒకరు కుక్క మనిషి. కుక్క మనిషి సైడ్‌వాక్ మీదే, డ్రైవ్‌వే మొదట్లో, తలుపు తీసినవాళ్లకి కనిపించేలా నిలబడాలి. కనిపించకుండా కారు చాటున నిలబడితే ఎవరో ఇంటిని గమనిస్తున్నారని అనుమానిస్తారు; ఈ రోజుల్లో ప్రతి తలుపుకీ కెమెరా బెల్లే. తలుపు కొట్టే మనిషి బెల్ నొక్కి రెండు మూడు అడుగులు వెనక్కి, తలుపు తెరుచుకునే వైపు కాకుండా పక్కకి జరగాలి. తలుపు బయటికి తెరుచుకునే రకమైతే, అంటే బయట వలతలుపు ఉంటే, ఇది మరీ ముఖ్యం. లోపల మొరుగుడు వినిపిస్తే ఆ వలతలుపు పిడి మీద చెయ్యి వేయకండి.

పని పాళ్లు కూడా తేడాగానే పంచుకోవాలి. ఫోన్‌లో యాప్, కరపత్రాల కట్ట, పెన్ను తలుపు కొట్టే మనిషివి. కుక్క మనిషి చేతిలో లీష్, ట్రీట్ల సంచి తప్ప ఇంకేం ఉండకూడదు. ఒక్కరే కుక్కని నడుపుతూ మినీవ్యాన్ అనే కాన్వాసింగ్ యాప్‌లో జవాబులు నొక్కుతూ పోతే, ‘ఇంట్లో లేరు’ అని నొక్కాల్సినచోట ‘నిరాకరించారు’ అని పడుతుంది. ఆ ఒక్క తప్పుతో ఆ ఇంటికి తర్వాతి వారం ఎవరూ వెళ్లరు. ఇళ్లు దగ్గరగా ఉన్న టౌన్‌హోమ్ వీధుల్లో ఒక మనిషి గంటకి 15–20 తలుపులు కొట్టగలరు. కుక్కతో ఉంటే ఆ సంఖ్య అందదు. ప్రతి స్తంభం దగ్గరా ఆగుతుంది, పిల్లలు చుట్టూ మూగుతారు. అందుకే టర్ఫ్, అంటే ఒకరు తిరగాల్సిన ఇళ్ల వాటా, ఇచ్చే ఆర్గనైజర్‌కి ముందే చెప్పి, చిన్న టర్ఫ్ అడగండి. 60 తలుపుల లిస్ట్ తీసుకుని 25 దగ్గర వదిలేసి రావడం వాళ్లకి నచ్చదు, మిగిలినవి మళ్లీ ఎవరో కోసి పంచాలి. జీతానికి తిరిగే కాన్వాసర్లకి సాధారణంగా కుక్కని అనుమతించరు. ఓట్లు వేయించే చివరి నాలుగు రోజుల్లో వాలంటీర్లు కూడా ఇంట్లోనే వదిలి రావడం మంచిది. అప్పుడు కావాల్సింది వేగం.

మరి కుక్కతో లాభం ఎక్కడ? వీధిలో. తలుపు తీయని మనిషి కూడా పచ్చిక కోస్తూనో చెత్తడబ్బా లాగుతూనో కుక్కని చూసి తనే పలకరిస్తాడు. క్లిప్‌బోర్డ్ పట్టుకున్న మనిషిని చూసి తప్పుకునేవాళ్లు కుక్క పేరు అడగడానికి ఆగుతారు. ఆ మాటల్లోంచి, మీరు ఈ వీధిలోనేనా, ఓటు ఎప్పుడు వేస్తున్నారు అనే దాకా రావడం సులువు. కానీ అలా మాట్లాడినవాళ్లు మీ లిస్ట్‌లో ఉండకపోవచ్చు. ఇంటి నంబరు అడిగి లిస్ట్‌లో వెతికి నమోదు చేస్తేనే ఆ సంభాషణ లెక్కలోకి వస్తుంది. లేకపోతే కుక్క గురించి కబుర్లు చెప్పుకుని వచ్చినట్టే.

అన్ని కుక్కలూ దీనికి పనికిరావు. నిజం చెప్పాలంటే సగానికి పైగా పనికిరావు. వయసు రెండేళ్లు దాటాలి, ఇతర కుక్కల మొరుగుడు విని తల తిప్పి మీవైపు చూడగలగాలి, కొత్తవాళ్లు పైకి వంగినా వెనక్కి నక్కకూడదు. పరీక్ష పెట్టడం కష్టమేం కాదు. ముందు వారం ఓ సాయంత్రం మీ వీధిలోనే పది ఇళ్ల ముందు, ఒక్కోచోట రెండు నిమిషాలు కుక్కని నిలబెట్టండి. కూర్చుంటే సరే. నడిచేటప్పుడు బుద్ధిగా ఉండే కుక్క కూడా ఆగమంటే గునుస్తుంది. ఈ పనిలో సగం సమయం ఆగడమే. ఆవలింతలు, నాలుకతో మూతి నాకడం, చెవులు వెనక్కి వాల్చడం, పదే పదే ఒళ్లు దులపడం మొదలైతే అది అలసట కాదు, ఒత్తిడి. అప్పటికి ఆపేయాలి. గంటన్నర దాటి ఏ కుక్కనీ తిప్పొద్దు.

లీష్ ఆరడుగులది, పొడవు మారనిది ఉండాలి. సాగే లీష్ వద్దే వద్దు: బటన్ జారితే కుక్క 15 అడుగుల దూరంలో, పక్కింటివాళ్ల పచ్చికలో ఉంటుంది, సన్న తాడు వేళ్లని కోస్తుంది. మెడ పట్టీకి బదులు ఛాతీకి ముందు కొక్కెం ఉన్న హార్నెస్ వేస్తే లాగినా మీవైపే తిరుగుతుంది. రేబీస్ టీకా బిళ్ల, కౌంటీ లైసెన్స్ బిళ్ల ఒంటిమీదే ఉండాలి. నీళ్లు లీటరు, మడిచే గిన్నె, సంచులు కనీసం నాలుగు. ఊరి వాళ్ల పచ్చిక మీద కుక్క దొడ్డికెళితే ఎత్తేయడం ఎలాగూ తప్పదు; మూత్రం సంగతి చాలామంది మర్చిపోతారు. అందులోని నత్రజని వల్ల గడ్డి గుండ్రంగా మాడిపోతుంది. తమ అభ్యర్థి బోర్డు పక్కనే మాడిన మచ్చ చూసి ఓటరు ఏమనుకుంటారో వేరే చెప్పక్కర్లేదు. బయల్దేరే ముందే పని కానిచ్చి తీసుకురండి. మందు కొట్టిన పచ్చికలో చిన్న జెండాలు గుచ్చి ఉంటాయి, వాటి దరిదాపులకి పోనివ్వకండి.

వేసవిలో, అంటే వర్జీనియా, న్యూజెర్సీ లాంటి చోట్ల ప్రైమరీల (పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికల) కాలంలో, తారురోడ్డే అసలు ప్రమాదం. గాలిలో 25 డిగ్రీల సెల్సియస్ ఉన్నప్పుడే ఎండలోని తారు 50 డిగ్రీలు దాటుతుంది. అరచేతి వెనక భాగం నేల మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు చెయ్యి ఉంచలేకపోతే కుక్క పాదాలూ ఆగలేవు. చదునైన మూతి ఉన్న పగ్, బుల్‌డాగ్ లాంటివి ఎండకి తొందరగా వడదెబ్బ తింటాయి, వాటిని జూన్ మధ్యాహ్నం తేవద్దు. కారులో వదిలి వెళ్లడం అసలు ఆలోచించొద్దు.

అక్టోబరులో ఎండ తగ్గుతుంది, హాలోవీన్ వస్తుంది. కదలిక పసిగట్టి కేకలు పెట్టే అస్థిపంజరాలు, గాలి నింపిన పన్నెండడుగుల దయ్యాలు మనుషులకి సరదా. కుక్కకి అవి కదిలే శత్రువులు. దారిలో రాలిన చాక్లెట్లు, ఎండుద్రాక్ష, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చూయింగ్ గమ్ మూడూ కుక్కకి విషమే. ‘వదిలెయ్’ అంటే వదిలే అలవాటు లేని కుక్కకి ఆ నెల సెలవు. ఇంకోటి: గడియారాలు గంట వెనక్కి తిప్పేది నవంబరు మొదటి ఆదివారం. దాదాపు ప్రతిసారీ అది పోలింగ్ మంగళవారానికి రెండు రోజుల ముందే పడుతుంది. ఆ రోజు నుంచి ఉత్తర వర్జీనియాలో సాయంత్రం అయిదింటికే పొద్దు వాలిపోతుంది. నల్ల కుక్క అయితే మెరిసే పట్టీ తప్పనిసరి.

మనవాళ్ల ఇళ్ల దగ్గర జాగ్రత్త రెట్టింపు. గడప ముందు ముగ్గు ఉంటుంది, పోర్చ్‌లో తులసి కుండీ ఉండొచ్చు. కుక్క ఆ కుండీ దగ్గర కాలెత్తిందంటే ఆ ఇంట్లో ఓట్లన్నీ పోయినట్టే, అందులో వాళ్ల తప్పేం లేదు. ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యలు తలుపు తీస్తారు. ఊళ్లో వీధికుక్కల మధ్య పెరిగినవాళ్లకి భయం సహజం, మా కుక్క ఏమీ చేయదండీ అనే మాట వాళ్లకి ధైర్యం ఇవ్వదు. ఆ మాటకి బదులు, “కుక్కని రోడ్డు మీదే పట్టుకున్నారండి, ఇటు రాదు” అనండి. ముస్లిం ఇళ్లలో కొందరికి కుక్క లాలాజలం తగిలితే నమాజుకి ముందు కడుక్కోవాల్సి వస్తుంది. కాబట్టి కుక్కని నిమిరిన చేతులతోనే కరపత్రాలు అందించొద్దు. అలర్జీ ఉన్నవాళ్లకీ ఇదే మేలు.

ఇంట్లో ఎవరూ లేకపోతే కరపత్రం తలుపు పిడికి తగిలించాలి. పోస్ట్ డబ్బాలో పెట్టడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పు. ఇక ఓటు లేని వీసాదారుల మాట: జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా తిరగడానికి అడ్డు లేదు, కానీ విరాళం ఇవ్వకూడదు. కుక్కకి అభ్యర్థి పేరుతో బండానా ఆర్డరు చేయాలని ముచ్చటపడితే ఇది గుర్తుంచుకోండి. ప్రచార సామగ్రికి సొంత డబ్బు పెడితే అది విరాళం కింద లెక్కకి రావచ్చు. క్యాంపెయిన్ వాళ్లు ఇస్తే కట్టండి. అదే బండానాతో పోలింగ్ కేంద్రం దగ్గరికి పోవద్దు. వర్జీనియాలో ద్వారానికి 40 అడుగుల లోపల, టెక్సస్‌లో 100 అడుగుల లోపల ప్రచారం నిషేధం, కుక్క మెడలోని పేరూ ప్రచారమే.

కాలిఫోర్నియా, న్యూజెర్సీ, ఫ్లోరిడా లాంటి రాష్ట్రాల్లో మీ కుక్క కరిస్తే, అది ఇంతకుముందు ఎవరినీ కరవలేదన్నా బాధ్యత మీదే. ఇంటి ఇన్సూరెన్సులో కుక్కకాటు ఉందో లేదో, మీ జాతి కుక్కని మినహాయించారో ముందే చదువుకోండి. అద్దె ఇంట్లో ఉండి రెంటర్స్ పాలసీ (అద్దెకుండేవాళ్ల ఇన్సూరెన్సు) కూడా లేకపోతే కుక్కని ఇంట్లోనే ఉంచండి.

వదిలేసిన కుక్క ఎదురొస్తే పరిగెత్తొద్దు, మీ కుక్కని చంకన ఎత్తుకోవద్దు. అది మీ మీదికి ఎగురుతుంది. గుప్పెడు ట్రీట్లు దాని మూతి ముందు నేల మీద చల్లి, క్లిప్‌బోర్డ్ అడ్డం పెట్టి, ముఖం దానివైపే ఉంచి వెనక్కి నడవండి. సిట్రోనెల్లా స్ప్రే జేబులో ఉంటే ఇంకా నయం. కరుచుకుంటే నోళ్ల మధ్య చెయ్యి పెట్టకుండా, ఇద్దరు మనుషులు చెరో కుక్క వెనకకాళ్లు ఎత్తి ఒకేసారి వెనక్కి లాగాలి. మనిషికి పన్ను దిగితే పావుగంట సబ్బునీళ్లతో కడిగి, టీకా వివరాలు తీసుకుని, డాక్టర్‌కి చూపించి, యానిమల్ కంట్రోల్‌కి చెప్పాలి. కరిచిన కుక్కని పది రోజులు గమనిస్తారు. ఆ ఇంటి పేరు కింద యాప్‌లో ‘కుక్క బయట తిరుగుతుంది’ అని నోట్ రాయండి. తర్వాత వచ్చే వాలంటీర్‌కి అది తెలిసే దారి అదొక్కటే.

ఇంటికి చేరాక చెవుల వెనక, చంకల్లో, వేళ్ల మధ్య పిడుదుల కోసం వెతకండి. ఉత్తర వర్జీనియాలో నవంబరులో కూడా అవి ఉంటాయి.