ఫ్యాన్ మళ్ళీ విప్పాడు

పదకొండు దాటింది. ఈ వారంలో ఇది రెండోసారి, టేబుల్ ఫ్యాన్ ముక్కలై హాల్లో పడుంది. నాన్న స్క్రూలన్నీ పేపరు మీద సైజుల వారీగా పేర్చి, కలిపేసి, మళ్ళీ పేరుస్తున్నాడు. "అన్నానికి రా నాన్నా" అని మూడుసార్లు పిలిచాను. నాలుగోసారి అరిచాను. అమ్మేమో "పోనీలేవే, ఏదో కాలక్షేపం" అంది. రాత్రంతా ఉక్కలో పడుకునేది నేను కదా!

ఇది మాత్ర పనే. పార్కిన్సన్స్ వణుకుకి వేస్తున్న ప్రమిపెక్సోల్ మోతాదు పెంచాకే మొదలైంది. ఇలా ఊరికే విప్పుతూ సర్దుతూ కూర్చోడానికి పండింగ్ అని పేరు కూడా ఉంది. డాక్టరుగారు మోతాదు చెప్పారు గానీ ఇది చెప్పలేదు. నాకైనా గుర్తు రావద్దూ? ఎం.ఫార్మసీలో నా సెమినారే దీని మీద. 1998లో కెనడాలో షెక్ట్‌మన్ బృందం ఎలకలకి క్విన్‌పిరోల్ అనే మందు మళ్ళీ మళ్ళీ ఇచ్చింది. అదీ ప్రమిపెక్సోల్‌లాగే, మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2, డీ3 రిసెప్టర్లని తట్టిలేపేదే. అయిదడుగుల పైచిలుకు పలక, గోడల్లేవు, మీద నాలుగు చిన్న వస్తువులు. ఎలక అంతా తిరగడం మానేసి, ఒకటి రెండు చోట్లకే పదే పదే, హడావిడిగా వెనక్కొచ్చి చూసుకునేది. ఏం పోయిందని? సెమినార్లో అందరం నవ్వాం.

ఇంతవరకూ రాశాక నర్సాపూర్ ఎక్స్‌ప్రెస్ గుర్తొచ్చింది. నాకు తొమ్మిదేళ్ళు, అమ్మమ్మ వాళ్ళింటికి ప్రయాణం. ఆటో ఎక్కాక నాన్న దిగి తాళం లాగి చూసొచ్చాడు. సందు చివరిదాకా వెళ్ళాక మళ్ళీ వెనక్కి. మెయిన్ రోడ్డెక్కాక ఇంకోసారి, ఈసారి గ్యాసు. స్టేషన్‌కి చేరేసరికి రైలు చివరి పెట్టె కనిపించింది. అమ్మ ప్లాట్‌ఫారం మీద ట్రంకుపెట్టె మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. నేను పులిహోర పొట్లం విప్పి తినేశాను. అప్పుడు ఏ మాత్రా లేదు.

మరి మాత్ర పనేనని అంత గట్టిగా ఎలా అన్నాను? 2010లో 3,090 మంది పార్కిన్సన్స్ రోగుల్ని చూస్తే, జూదం, కొనుగోళ్ళు, తిండి లాంటి యావలు ఈ రకం మందులు వాడేవాళ్ళలో 17 శాతానికి, వాడనివాళ్ళలో 7 శాతానికి ఉన్నాయి. (ఫ్యాన్లు విప్పేవాళ్ళని లెక్కేయలేదు.) నూటికి మిగతా 83 మంది ఎందుకు బాగున్నారు? ఎలకల్లో ఉత్త సెలైన్ ఎక్కించిన జట్టు ఒకటుంది, పోల్చుకోడానికి. సెలైన్ ఎక్కించిన నాన్న నాకెక్కడ దొరుకుతాడు?

పొద్దున చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. చాలా నెలల తర్వాత. అదీ ఆ మాత్ర వల్లే. సాయంత్రం ఫ్యాన్ గొడవలో ఆ సంగతే మర్చిపోయాను.

మోతాదు తగ్గించమని అడగాలా? గుండీలు పోతాయేమో. సోమవారం ఫోన్ చేస్తాను. ఫ్యాన్ నేనే బిగించాను, ఒక స్క్రూ తక్కువొచ్చింది. నాన్న నిద్రపోలేదు, "సోఫా కింద చూడవే" అంటున్నాడు.