హాజరు పట్టీ దగ్గర మొదలుపెట్టండి

పదో తరగతి అయిన పాతికేళ్ళకో ముప్పయ్యేళ్ళకో ఎవరో ఒకరు వాట్సాప్ గ్రూపు పెడతారు. వారం తిరిగేసరికి నలభై మంది చేరతారు. బ్యాచ్ అంతా దొరికిందని అక్కడే సంబరపడిపోతారు. నిజానికి దొరికినవాళ్ళంతా పాసై పట్నం చేరి, ఒకరి నంబరు ఒకరు దాచుకున్నవాళ్ళు. తప్పినవాళ్ళు, ఏడో తరగతి కామన్ పరీక్షతో బడి మానేసినవాళ్ళు, తొమ్మిదిలో ఉండగానే పెళ్ళయి వెళ్ళిపోయిన ఆడపిల్లలు కబుర్లలో వస్తారు గానీ గ్రూపులోకి రారు. మా తర్వాతి బ్యాచ్‌ల వాళ్ళు సమ్మేళనం ఎలా చేయాలని అడిగితే చెప్పేది ఒక్కటే: ముందు పట్టీ రాయండి, షామియానా సంగతి తర్వాత.

పట్టీ బడి ఆఫీసు గదిలోనే దొరుకుతుంది. అడ్మిషన్ రిజిస్టరు శాశ్వత రికార్డు కాబట్టి పారేయరు. అట్టలు ఊడినా, చెదలు వదిలేసిన మేరకు బీరువాలో ఉంటుంది. పదో తరగతి నామినల్ రోల్సు (పరీక్షకు పంపిన పేర్ల జాబితా) ఒక్కటే చూస్తే పరీక్ష ఫీజు కట్టినవాళ్ళే తేలతారు. ఆరో తరగతిలో చేరిన ఏడాది పేజీలు కూడా తిరగేయాలి. హెచ్చెమ్ గారికి ముందే అర్జీ ఇచ్చి, బడి జరిగే రోజునే వెళ్ళండి. సెలవు రోజున బీరువా తాళం ఎవరి దగ్గరుందో తెలుసుకోవడానికే పూట గడిచిపోతుంది. పేజీ ఫొటో తీసి గ్రూపులో మాత్రం పెట్టొద్దు. అందులో కులం గడి ఉంటుంది, పుట్టినతేదీ, పుట్టుమచ్చలు ఉంటాయి. పేరు, ఇంటిపేరు, తండ్రి పేరు, ఊరు, ఈ నాలుగూ కాగితం మీద ఎక్కించుకుంటే చాలు. (సగం క్లాసు జూన్ నెలలోనే పుట్టినట్టు కనబడుతుంది. అది చేర్చుకున్న మాస్టారి చలవ.)

ఆడవాళ్ళను వెతకడానికి తండ్రి పేరే ఆధారం. పెళ్ళితో ఇంటిపేరు మారుతుంది, ఊరు మారుతుంది. పుట్టింట్లో అన్నదమ్ములెవరైనా ఉంటే నంబరు దొరుకుతుంది. వాళ్ళకు ఫోను తోటి ఆడవాళ్ళే చేయాలి. ఎత్తేది భర్తో అత్తగారో కావచ్చు, మగ గొంతు వినబడితే అవతల సవాలక్ష ప్రశ్నలు. వీలైతే ఇద్దరు వెళ్ళి బొట్టు పెట్టి పిలవడమే మేలు.

రానన్నవాళ్ళకు నిజంగా పని ఉండటం తక్కువ. "నేను లెక్కలు తప్పాను కదా", "అందరూ కార్లలో దిగుతారు", "నన్నెవరు గుర్తుపడతార్లే": ఇవీ అసలు కారణాలు. ఈ బెరుకు పోగొట్టే పని పిలుపుతోనే మొదలవ్వాలి. చందా ఇంత అని తలకు కట్టొద్దు. ఎవరెంత ఇచ్చారో మైకులో చదవొద్దు. లెక్క చూసే ఇద్దరిలో ఒకరు ఊళ్ళో ఉండేవారై, జమాఖర్చు వారంలో అందరికీ పంపితే సరిపోతుంది. మెడలో వేసే బ్యాడ్జీ మీద పేరు పెద్దక్షరాలతో, కింద సెక్షను, ఊరు వేయించండి. హోదా వద్దు. చాలామంది మనసు నొచ్చుకునేది ఆ హోదా దగ్గరే. స్టేజీ ఎక్కించి పరిచయాలు చెప్పించడం కూడా అంతే. డెబ్బై మంది తలా రెండు నిమిషాలు మాట్లాడినా రెండు గంటల ఇరవై నిమిషాలు. ఎవరి సెక్షను వాళ్ళు గదిలో కూర్చుని, ఏ బల్ల మీద ఎవరి పక్కన కూర్చునేవారో చెప్పుకుంటే ఉద్యోగాల ఊసు రాకుండానే మాట కలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో సర్కారు బడులను బాగుచేయడానికి 2019లో మొదలైన నాడు–నేడు పనుల్లో రూపు మారిన బడి అయితే మన గది ఏదో ముందురోజే వెళ్ళి చూసుకోండి.

తేదీకి అందరూ సంక్రాంతే అంటారు. భోగి నాడు ఇల్లు వదలరు, కనుమ నాడు కాకి కూడా కదలదు. భోగికి ముందురోజో ముక్కనుమో పెట్టుకుంటే మంది నిలుస్తారు. మే నెల వద్దు. మనకోసం కాకపోయినా మాస్టార్ల కోసం.

వచ్చే మాస్టార్లలో డెబ్బై దాటినవాళ్ళే ఎక్కువ, షుగరు ఉన్నవాళ్ళూ ఉంటారు. ఇంటి నుంచి కారు, చేతులున్న కుర్చీ, దగ్గర్లో మరుగుదొడ్డి, పన్నెండున్నరకల్లా భోజనం. ఈ నాలుగిట్లో ఏది తప్పినా కప్పిన శాలువాకు అర్థం లేదు. పధ్నాలుగు మందికి తలా నాలుగు నిమిషాలు సన్మానం చేస్తే గంట గడుస్తుంది కాబట్టి అది భోజనానికి ముందే అయిపోవాలి. పిలిచే వరసలో హెచ్చెమ్ గారి తర్వాత బడిలో చేరిన ఏడాది ప్రకారం వెళ్తే పేచీ రాదు. డ్రిల్లు మాస్టారిని, గంట కొట్టిన అటెండరును మరిచిపోతే ఆ తప్పు ఏళ్ళ తరబడి మాట్లాడుకుంటారు.

గుండెలు దడదడలాడేది హాజరు పిలిచేటప్పుడు. లాంగ్‌బెల్లు కొట్టించి, వరసల్లో నిలబెట్టి, ప్రతిజ్ఞ చెప్పించి, క్లాసు టీచరు చేతికి పట్టీ ఇవ్వాలి. 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు తెలుగులోనే రాసిన ప్రతిజ్ఞ అది. నోటికొచ్చనే అనుకుంటాం, నాలుగో వాక్యం దగ్గర సగంమంది గొణుగుతారు. వాచకం ముందు పేజీ చూసి కాగితం సిద్ధంగా ఉంచుకోండి. అంతకంటే జాగ్రత్త పడాల్సింది పట్టీ విషయంలో. పోయినవాళ్ళెవరో ఒక్కో పేరూ ఇద్దరిని అడిగి ఖాయం చేసుకోవాలి. లేని మనిషి పేరు పిలిచి 'ప్రెజెంట్ సార్' కోసం ఆగితే ఆ నిశ్శబ్దాన్ని ఏ వ్యాఖ్యాతా పూడ్చలేడు. బతికున్న మనిషి ఫొటోకు దండ వేసిన ఫ్లెక్సీ అయితే ఇంకా ఘోరం. పోయినవారికి ముందే మౌనం పాటించి, ఆ తర్వాతే హాజరు తీసుకోవాలి.

వంట నూరుమందికి చెప్పేటప్పుడు బియ్యం పన్నెండు కిలోలు, పప్పులోకి కందిపప్పు మూడు, పెరుగు పది పన్నెండు లీటర్లు, కోడికూరైతే పదిహేను కిలోల మాంసం. ఇరవై లీటర్ల నీళ్ళ క్యాన్లు పది. కుటుంబాలతో రమ్మంటే ఈ లెక్క మూడింతలవుతుంది, కబుర్లు మూడోవంతుకు పడిపోతాయి. గ్రూపు ఫొటో భోజనానికి ముందే తీయాలి. తిన్నాక బస్సు గుర్తొస్తుంది. మాస్టార్లు ముందు కుర్చీల్లో, మిగతావాళ్ళు వరండా మెట్ల మీద, ఎండ ఎదురుగా కళ్ళలో పడకుండా.

బడికేమివ్వాలో హెచ్చెమ్ గారినే అడగండి. ఆర్వో యంత్రం పెట్టి ఫిల్టర్లు మార్చే మనిషిని పెట్టకపోతే కొన్నాళ్ళకే మూలపడుతుంది, మన పేర్లున్న పలక మాత్రం మెరుస్తూ ఉంటుంది.

ఎంత వెతికినా పదీ పదిహేను పేర్లు మిగిలిపోతాయి. వాటిని మన పాత గది బోర్డు మీద సుద్దతో రాసి పెట్టండి, పక్కన ఊరి పేరు వేసి. వచ్చినవాళ్ళలో ఎవరో ఒకరు "వాడు మా బావమరిది ఊళ్ళోనే కదా" అంటారు. అన్నది అన్నట్టు అక్కడే రాయించండి. సాయంత్రం బోర్డు తుడిచే ముందు ఫొటో తీసుకోవడం మరవొద్దు.