ఏపీ యూఎస్ హిస్టరీ: కేసులు బట్టీ పట్టడం మానేశాక

నేను తొమ్మిదో తరగతి దాకా తెనాలిలో చదివాను. పదో తరగతికి డల్లాస్ దగ్గరికి వచ్చేశాం. ఆ మరుసటి ఏడు ఏపీ యూఎస్ హిస్టరీ తీసుకున్నాను. ఇక్కడ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు. పరీక్ష మే నెలలో ఉంటుంది, స్కోరు 1 నుంచి 5 దాకా ఇస్తారు. నాకు 5 వచ్చింది. నాలాగే మధ్యలో వచ్చి, ఈ సబ్జెక్టు చూసి టెన్షన్ పడుతున్న మన పిల్లల కోసం ఇది రాస్తున్నాను. సిలబస్ అంతా చెప్పను. ఇరవయ్యో శతాబ్దపు పత్రాలు, కోర్టు కేసుల గురించే చెబుతాను. మొదట నాకు మార్కులు పోయిందీ, తర్వాత నాకు బాగా ఇష్టమైందీ ఆ భాగమే.

మొదట్లో నేనేం చేశానో చెబుతాను, మీరూ అదే చేస్తుంటారు కాబట్టి. కేసు పేరు, సంవత్సరం, ఒక్క వాక్యంలో తీర్పు. ఇలా కార్డులు రాసుకుని బస్సులో, అన్నం తినేటప్పుడు, పడుకునే ముందు తిప్పుతూ ఉండేదాన్ని. షెంక్, 1919, వాక్ స్వాతంత్ర్యానికి హద్దు. కోరెమట్సు, 1944, జపనీయుల తరలింపు సబబే. బ్రౌన్, 1954, బడుల్లో వేర్పాటు చెల్లదు. అరవై కార్డులు తడుముకోకుండా అప్పజెప్పగలిగాను. తర్వాత క్లాసులో మొదటి ప్రాక్టీసు డీబీక్యూ రాస్తే 7కి 2 వచ్చాయి.

డీబీక్యూ అంటే పత్రాల ఆధారంగా రాసే వ్యాసం. ఏడు పత్రాలు ఇస్తారు. గంట టైమ్, అందులో పావుగంట చదువుకోవడానికే. మొత్తం స్కోరులో దీని వాటా 25 శాతం. మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు 55 ఉంటాయి కానీ అవి కూడా విడివిడిగా రావు. ఒక ప్రసంగం ముక్కో, కార్టూనో, తీర్పులోని పేరానో ఇచ్చి దాని మీద మూడు నాలుగు ప్రశ్నలు అడుగుతారు. కార్డు వెనక రాసుకున్న వాక్యం అక్కడ అక్కరకు రాదు. ఈ మాట ఎవరన్నారు, ఎవరు వినాలని అన్నారు, అప్పుడు చుట్టూ ఏం జరుగుతోంది, దీనివల్ల వాళ్లకు ఏం కావాలి? పరీక్షలో చూసేది ఇదే.

నా చదువు మారింది భగత్ సింగ్ థిండ్ కేసుతో. మా పుస్తకంలో దాని గురించి ఒక్క వాక్యమే ఉంది. మన దేశపు పేరు కనబడేసరికి ఆగిపోయి, తీర్పు మొత్తం వెతికి చదివాను. అమెరికాలో 1790 నాటి చట్టం ప్రకారం, బయటి దేశాల నుంచి వచ్చినవాళ్లలో పౌరసత్వం తెల్లజాతి స్వతంత్రులకే. అంతర్యుద్ధం తర్వాత 1870లో ఆఫ్రికా సంతతి వాళ్లకు కూడా ఇచ్చారు. మధ్యలో మిగిలిన ఆసియా వాళ్ల సంగతేమిటి? తకావో ఒజావా అనే ఆయన జపాన్‌లో పుట్టి, ఇక్కడే ఇరవై ఏళ్లు బతికి, ఇంట్లో కూడా ఇంగ్లిష్ మాట్లాడుతూ, నాకు పౌరసత్వం ఇవ్వండి అని అడిగాడు. 1922 నవంబరులో సుప్రీంకోర్టు కుదరదంది. తెల్లజాతి అంటే కాకేసియన్ జాతి, మీరు కాకేసియన్లు కారు అంది. మూడు నెలలు దాటగానే థిండ్ వంతు వచ్చింది. పంజాబ్ నుంచి వచ్చినవాడు, మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు. మానవ శాస్త్రవేత్తల లెక్కలో ఉత్తర భారతీయులు కాకేసియన్లే కదా, మీరే అన్నారు కదా, అని వాదించాడు. కోర్టు మాట మార్చేసింది. శాస్త్రం చెప్పేది మాకు అనవసరం, మామూలు మనిషి తెల్లవాడంటే ఎవరిని అనుకుంటాడో అదే లెక్క అంది. రెండు తీర్పులూ రాసింది ఒకే న్యాయమూర్తి, జార్జ్ సదర్లాండ్. రెండూ ఏకగ్రీవమే.

ఆ రెండు తీర్పులూ పక్కపక్కన పెట్టుకుని చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కోపం కోర్టు మీద మాత్రమే కాదు. థిండ్ తరఫు వాదనలో నేను ఉన్నత కులస్థుణ్ణి, మా రక్తం కలవలేదు అన్న మాట కూడా ఉంది. జాతిని బట్టి పౌరసత్వం ఇవ్వడం తప్పు అని ఆయన అడగలేదు. ఆ గీతకు లోపలి వైపు నన్ను ఉంచండి అని అడిగాడు. అది చదవడం నాకు కష్టంగా అనిపించింది. కానీ వ్యాసంలో పనికొచ్చేది సరిగ్గా అలాంటి గమనికే. థిండ్‌ను కేవలం బాధితుడిగా రాస్తే అది సానుభూతి మాత్రమే అవుతుంది. ఆయన ఎంచుకున్న వాదన ఆనాటి చట్టం గురించి ఏం చెబుతోందో రాస్తే అది విశ్లేషణ.

ఆ తీర్పు తర్వాత అప్పటికే పౌరులైన ఎందరో భారతీయుల పౌరసత్వం రద్దు చేశారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్ 1928లో ప్రాణం తీసుకున్నారు. థిండ్‌కు చివరికి 1936లో మాజీ సైనికుడి హోదాలో పౌరసత్వం దక్కింది. మిగతా భారతీయులకు 1946 లూస్-సెల్లర్ చట్టం దాకా దారి లేదు. అప్పుడైనా కొత్తగా వచ్చేవాళ్లకు ఏడాదికి వంద మంది కోటానే.

థిండ్ తీర్పు వచ్చింది 1923 ఫిబ్రవరి 19న. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి. సరిగ్గా పందొమ్మిదేళ్ల తర్వాత, 1942 ఫిబ్రవరి 19న, జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా, అధ్యక్షుడు రూజ్వెల్ట్ కార్యనిర్వాహక ఉత్తర్వు 9066 మీద సంతకం పెట్టారు. ఆ ఉత్తర్వు చిన్నదే, తప్పకుండా పూర్తిగా చదవండి. అందులో జపాన్ వాళ్లు అన్న మాట ఎక్కడా లేదు. సైనిక ప్రాంతాలను నిర్ణయించే అధికారం, అక్కడి నుంచి ఎవరినైనా సరే బయటికి పంపే అధికారం సైనికాధికారులకు ఇచ్చారు, అంతే. ఆ 'ఎవరినైనా' అన్న మాట చాటున జపాన్ సంతతివాళ్లను దాదాపు 1,20,000 మందిని ఇళ్ల నుంచి లేపి శిబిరాల్లో పెట్టారు. వాళ్లలో మూడింట రెండు వంతుల మంది అమెరికాలోనే పుట్టిన పౌరులు. పత్రంలో ఏముందో ఎంత ముఖ్యమో, ఏ మాట రాయకుండా వదిలేశారో కూడా అంతే ముఖ్యమని నాకు అర్థమైంది అప్పుడే. ఆ తర్వాత ఏ పత్రం చేతికొచ్చినా, ఇందులో లేని మాట ఏమిటి అని ఒకసారి వెతికేదాన్ని.

ఓక్లాండ్‌లో పుట్టిన ఫ్రెడ్ కోరెమట్సు వెళ్లనన్నాడు. 1944లో కోర్టు 6-3 తేడాతో ఆయనకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఇక్కడ మెజారిటీ తీర్పు ఒక్కటే చదివి వదలకండి. జస్టిస్ మర్ఫీ తన అసమ్మతిలో, అంటే మెజారిటీతో ఒప్పుకోని న్యాయమూర్తి విడిగా రాసే తీర్పులో, దీన్ని నేరుగా జాతి వివక్ష అని పిలిచారు. జస్టిస్ జాక్సన్ ఇంకో దారి పట్టారు. ఈ తీర్పు గుండు నింపి పెట్టిన తుపాకీ లాంటిది, రేపు ఏ అధికారి అయినా అవసరం అంటూ చేతిలోకి తీసుకోవచ్చు అన్నారు. ప్రభుత్వం తనకు అనుకూలంగా లేని నిఘా నివేదికలను అప్పట్లో దాచిపెట్టిందని బయటపడి, 1983లో కింది కోర్టు కోరెమట్సు శిక్షను కొట్టేసింది. 1988లో చట్టం చేసి క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికి 20,000 డాలర్లు ఇచ్చారు. 2018లో ప్రధాన న్యాయమూర్తి రాబర్ట్స్, వేరే కేసులో, ఆ తీర్పు వెలువడిన రోజే తప్పు అని రాశారు. ఒక్క కార్డు మీద 'సబబే' అని రాసుకున్న కేసుకు ఇంత కథ ఉంది.

అసమ్మతి తీర్పులు చదవమని అందుకే అంటున్నాను. ఓడిపోయిన వాదన చాలాసార్లు తర్వాతి తరానికి చట్టం అవుతుంది. రైళ్లలో తెల్లవాళ్లనూ నల్లవాళ్లనూ వేరుగా కూర్చోబెట్టడం సరేనన్న 1896 ప్లెస్సీ కేసులో ఎనిమిది మందిలో ఒక్క జస్టిస్ హార్లాన్ ఒప్పుకోలేదు, మన రాజ్యాంగానికి రంగు కనబడదు అని రాశారు. ఆయన్ను దేవుణ్ణి చేసి రాయకండి, అదే అసమ్మతిలో చైనీయుల గురించి తక్కువచేసి రాసిన వాక్యాలున్నాయి. జస్టిస్ హోమ్స్ సంగతి ఇంకా వింత. 1919 మార్చిలో షెంక్ కేసులో, నిర్బంధ సైనిక సేవకు వ్యతిరేకంగా కరపత్రాలు పంచినందుకు శిక్ష సరైనదేనని తీర్పు రాసింది ఆయనే. అదే ఏడు నవంబరులో ఏబ్రమ్స్ కేసు వచ్చేసరికి, కరపత్రాలు పంచినవాళ్ల తరఫున అసమ్మతి రాసిందీ ఆయనే. ఎనిమిది నెలల్లో ఒక మనిషి ఆలోచన ఎలా కదిలిందో చూడండి. దారి చివర 1969 బ్రాండెన్‌బర్గ్ కేసుంది, అప్పటికప్పుడు హింసకు ఉసిగొల్పితే తప్ప మాటలకు శిక్ష వేయకూడదన్న తీర్పు అది. ఈ మూడూ వరసగా చదివితే, వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడే మొదటి సవరణ మీద వచ్చే ప్రశ్నలకు చాలావరకు సరిపోతుంది. టింకర్ కేసు కూడా అదే ఏడాది. వియత్నాం యుద్ధానికి నిరసనగా నల్ల పట్టీలు కట్టుకుని బడికి వెళ్లిన పిల్లల కేసు అది, ఒకసారి చదివితే మరిచిపోరు.

ఇప్పుడు డీబీక్యూ రాయడం. నేను నేర్చుకున్నది 1956 మార్చి నాటి సదరన్ మ్యానిఫెస్టోతో. బ్రౌన్ తీర్పును వ్యతిరేకిస్తూ దక్షిణాది కాంగ్రెస్ సభ్యులు 101 మంది సంతకం చేసిన ప్రకటన ఇది. నా మొదటి వ్యాసంలో, వీళ్లు బ్రౌన్ తీర్పును వ్యతిరేకించారు అని రాసి పక్క పత్రానికి వెళ్లిపోయాను. పత్రం సారాంశం చెప్పినంత మాత్రాన ఎక్కువ మార్కులు రావు. మా టీచర్ నా పేపర్ ముందు పెట్టి, వీళ్లు ఎవరితో మాట్లాడుతున్నారమ్మా అని అడిగారు. సుప్రీంకోర్టుతో కాదు. అది ఎన్నికల ఏడాది, వాళ్లు మాట్లాడుతున్నది ఊళ్లో ఓటేసే తెల్లవాళ్లతో. అందులో తెల్లవాళ్లకూ నల్లవాళ్లకూ మధ్య తొంభై ఏళ్లుగా స్నేహ సంబంధాలున్నాయనీ, కోర్టు వాటిని చెడగొడుతోందనీ ఒక వాక్యం ఉంది. ఆ ప్రకటనకు ఏడు నెలల ముందే, 1955 ఆగస్టులో, మిసిసిపీలో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల అబ్బాయిని చంపేశారు. ఆ ప్రకటన వెలువడిన రోజుల్లోనే మాంట్‌గోమరీలో నల్లవాళ్లు బస్సులెక్కడం మానేసి నడిచి వెళ్తున్నారు. ఈ రెండూ ఆ వాక్యం పక్కన పెడితే, పత్రం బయటి ఆధారం వచ్చినట్టే, ఆ కాలపు పరిస్థితి చెప్పినట్టే, రాసినవాళ్ల ఉద్దేశం బయటపెట్టినట్టే. ఒక్క పేరాలో మూడు పనులు అయిపోతాయి.

బ్రౌన్ తీర్పుకూ ఇదే ప్రశ్న వేయండి. ప్రధాన న్యాయమూర్తి వారెన్ దాన్ని కావాలనే చిన్నదిగా, నిందించే మాటలు లేకుండా, న్యాయం చదవని మామూలు మనుషులకు అర్థమయ్యేలా రాశారు. 9-0 రావాలని ఎంతో కష్టపడ్డారు. ఇక 1955 నాటి రెండో బ్రౌన్ తీర్పును అసలు వదలకండి. అమలుకు గడువు పెట్టకుండా 'తగినంత వేగంతో' అన్నట్టు రాసిన ఆ ఒక్క మాట వల్ల ఏళ్లకు ఏళ్లు గడిచిపోయాయి. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది పిల్లల్ని బడి లోపలికి పంపడానికి అధ్యక్షుడు ఐజెన్‌హోవర్ సైన్యాన్ని దింపాల్సి వచ్చింది. తీర్పు రావడం ఒకటి, అది అమలు కావడం ఇంకొకటి. ఈ తేడా చూపించిన వ్యాసాలకు విషయాన్ని లోతుగా, పలు కోణాల్లో చూపినందుకు ఇచ్చే, అందరూ అందుకోలేని సంక్లిష్టత మార్కు వచ్చే అవకాశం ఎక్కువ.

నా కార్డులు పక్కన పెట్టేసి ఒక లాంగ్ నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఒక్కో కేసుకు ఒక పేజీ. ఎవరు ఎవరి మీద వేశారు, ఏ సవరణ కింద, ఎంతమంది ఎటు నిలబడ్డారు, అసమ్మతి ఏమంది. పేజీ కింద సగం ఖాళీ వదిలి, ఆ తర్వాత ఏమైందో చదివినప్పుడల్లా రాసుకునేదాన్ని. పని గంటలకు హద్దు పెట్టిన చట్టాన్ని కొట్టేసిన 1905 లాక్నర్ పేజీ కింద, కనీస వేతన చట్టాన్ని నిలబెట్టిన 1937 వెస్ట్ కోస్ట్ హోటల్ వచ్చి చేరింది. గర్భస్రావాన్ని రాజ్యాంగ హక్కు అన్న 1973 రో పేజీ కింద దాన్ని కొట్టేసిన 2022 డాబ్స్, కాలేజీ ప్రవేశాల్లో జాతిని ఒక అంశంగా చూడొచ్చన్న 1978 బాక్కీ పేజీ కింద అది కుదరదన్న 2023 తీర్పు చేరాయి. పాత గైడ్లు వాడేవాళ్లు ఈ చివరి రెండు చూసుకోండి. డీబీక్యూ 1754 నుంచి 1980 మధ్య కాలం మీదే వస్తుంది కాబట్టి ఆ తర్వాతి కేసుల మీద ఎక్కువ రోజులు పెట్టకండి.

విదేశాంగ విధానం పత్రాలు నాకు అంత నచ్చలేదు, కానీ తప్పవు. విల్సన్ పద్నాలుగు సూత్రాలు, 1947 ట్రూమన్ సిద్ధాంతం, వియత్నాంలో సైన్యాన్ని వాడే అధికారం అధ్యక్షుడికి ఇచ్చిన 1964 టాన్‌కిన్ తీర్మానం, 1961లో ఐజెన్‌హోవర్ వీడ్కోలు ప్రసంగం చదివితే చాలు. టాన్‌కిన్ తీర్మానానికి సెనేట్‌లో 88 మంది ఓటేస్తే ఇద్దరే వద్దన్నారన్న అంకె గుర్తుంచుకోండి, వ్యాసంలో బాగా వాడుకోవచ్చు.

మన ఇళ్లకు తగిలే పత్రం ఒకటుంది. 1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సన్ స్వేచ్ఛా విగ్రహం దగ్గర వలస చట్టం మీద సంతకం పెడుతూ, ఇదేమీ విప్లవాత్మకమైన చట్టం కాదని చెప్పారు. దేశాల వారీ పాత కోటాలు పోయింది దాంతోనే. ఆ తర్వాతే తెలుగు డాక్టర్లు, ఇంజనీర్లు పెద్ద సంఖ్యలో ఇక్కడికి రావడం మొదలైంది. మా నాన్న వచ్చిన హెచ్-1బీ 1990 చట్టంతో వచ్చింది. చెప్పినవాడి ఉద్దేశం ఒకటి, జరిగింది ఇంకొకటి అని రాయడం ప్రాక్టీసు చేయడానికి ఇంతకంటే మంచి ప్రసంగం నాకు దొరకలేదు. మీ ఇంట్లో వాళ్లు ఏ ఏడాది, ఏ వీసా మీద వచ్చారో అడిగి, ఆ పేజీ కింద రాసుకోండి.

పరీక్ష రోజు సంగతి. పావుగంటలో ఏడు పత్రాలూ చదివేటప్పుడు ఒక్కో పత్రానికి ఒకే వాక్యం రాసుకోండి, ఎవరితో మాట్లాడుతున్నారో అందులో ఉండాలి. థీసిస్, అంటే మీ వాదన ఏమిటో చెప్పే వాక్యం, రాశాకే పేరాలు మొదలుపెట్టండి. కనీసం నాలుగు పత్రాలను వాదనకు వాడాలి, రెండింటికి ఉద్దేశమో, శ్రోతలో, సందర్భమో వివరించాలి. నేను ఆరు వాడాను, ఒకటి అర్థం కాకపోతే వదిలేశాను. చివరి ఐదు నిమిషాలు కొత్త పేరా మొదలుపెట్టకుండా, మొదట రాసిన థీసిస్‌ను మళ్లీ చదివి, రాసిన దానికి సరిపోయేలా ఒక మాట మార్చాను.